జాకీ వెనక స్టూలు

పొద్దున్నే సమ్మయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. మండదూ మరి! నాలుగేళ్లు యాకూబ్ ఉస్తాద్ వెంట తిరిగాడు. ఆయన జాకీ మోశాడు, ఆయన తిట్లు తిన్నాడు. ఇవాళ మొదటిసారి తన చేత్తో కేబుల్ గుంజాలి. తీరా అంతా సిద్ధమయ్యాక ఉస్తాద్ ఒక్క మాటతో ఆపేశాడు.

"క్యూబుల బలం పంతొమ్మిదే వచ్చింది. ఇరవై అయిదు రావాలె. రెండు దినాలు ఆగు."

వరంగల్‌లో కడుతున్న ఆ పెళ్లి హాలుకు నడుమ ఒక్క స్తంభం లేదు. కాంక్రీటు పోసేముందే స్లాబు నిండా గొట్టాలు పరిచి, వాటిలో ఉక్కు తీగల కేబుళ్లు పెట్టారు. కాంక్రీటు గట్టిపడ్డాక ఆ తీగలను జాకీతో గుంజి కొసలు బిగిస్తే, స్లాబు రెండు వైపుల నుంచీ నొక్కుకుని బరువుకు వంగకుండా నిలబడుతుంది. పచ్చిగా ఉండగా గుంజితే కొస దగ్గర కాంక్రీటు నలిగి తీగ జారుతుంది, స్లాబు చీలుతుంది. అందుకే అదే కాంక్రీటుతో క్యూబులు పోసి, వాటిని నలగ్గొట్టి బలం చూస్తారు.

ఇదంతా సమ్మయ్యకు కంఠతా వచ్చు. వచ్చు కనుకే ఇంకా మండింది.

"ఎనిమిది దినాలాయె ఉస్తాద్! రాయి లెక్క ఉన్నది. క్యూబులు ఒక సాకు. నేను గుంజుడు మీకు ఇష్టం లేదు, గంతే!"

మేస్త్రీలు వింటుండగానే అరిచాడు. స్లాబును కాలితో దబదబా తన్నాడు.

"పైన ఎవడ్రా, గా సప్పుడేంది?" అని స్లాబు కింద నుంచి ఎవరో కేకేశారు. సమ్మయ్య పట్టించుకోలేదు.

ఉస్తాద్ తన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆ నిదానానికి ఒళ్లు మండి, సమ్మయ్య జాకీని కేబుల్ కొసకు తగిలించాడు. పంపు స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు లేచాడు ఉస్తాద్. తన స్టూలు తీసుకెళ్లి, అంచున కట్టిన పరంజా మీద, సరిగ్గా జాకీ వెనక, తీగకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉంది.

"గుంజు," అన్నాడు.

సమ్మయ్య చెయ్యి ఆగిపోయింది. జారిన తీగ సూటిగా వెనక్కి దూసుకొస్తుంది. జాకీ వెనక ఎవరూ ఉండకూడదన్నది అతను నేర్చుకున్న మొట్టమొదటి పాఠం. నేర్పింది ఈ ముసలాయనే.

"పక్కకు జరగండి ఉస్తాద్."

"ఎందుకు? రాయి లెక్క ఉన్నదంటివి గద."

"జరగండి!" కోపంగానే అన్నాడు.

"గుంజు బేటా."

ముసలాయన తాపీగా ఒక గుక్క చాయ్ తాగాడు. సమ్మయ్య స్విచ్చి మీంచి చెయ్యి తీసేశాడు. కోపం పోలేదు. అది ఎవరి మీదో మాత్రం ఇప్పుడు తెలియడం లేదు.

ఉస్తాద్ లేచి స్టూలు చంకన పెట్టుకున్నాడు.

"నేనొక్కన్ని ఎదురుంగ కూసుంటె ఆగినవ్. కింద పదకొండు మంది ఉన్నరు."

సమ్మయ్య కాళ్ల కింద నుంచి ఇందాకటి గొంతే మళ్లీ వినిపించింది, ఈసారి నవ్వుతూ.

"సమ్మన్నా, తన్నుడు అయిపోయిందా?"