మాట లేని పల్లకీ

ఏ రాజ్యమని అడక్కండి, ఒక రాజ్యం. రాజుగారి పేరు మాత్రం చెప్పక తప్పదు. వీరకంఠీరవ భూపతి. ముప్పై రెండు బిరుదులతో కలిపి తన పేరు వినబడితే తప్ప ఆయనకు పొద్దున్నే పాలు గొంతు దిగేవి కావు. ఆ బిరుదులన్నీ ఇక్కడ చెప్పబోవడం లేదు. చెబితే కథకు చోటుండదు.

ఆయనకో బోయీల కొలువు ఉండేది. ముత్తాతగారి ముత్తాత పెట్టిన కొలువు. మూడు వందల మంది పల్లకీ మోసేవాళ్ళు, వాళ్ళకు కోట వెనక ఒక వీధి. తాత మోసిన బొంగు కిందే మనవడు భుజం పెట్టేవాడు. ఆ భుజం మీద కాయ కాసేదాకా కుర్రాడికి పిల్లనిచ్చేవారు కారు. కాయ కాసినవాడు దాన్ని నగలా చూపించుకుని తిరిగేవాడు.

పల్లకీ మోయడానికి భుజబలం ఒక్కటుంటే చాలనుకునేవాళ్ళు పల్లకీలో కూర్చునేవాళ్ళు. మోసేవాళ్ళనడిగితే వేరే చెబుతారు. వెనక మోసేవాడికి నేల కనబడదు. ముక్కుకు జానెడు దూరంలో పల్లకీ చెక్క, అంతే. అందుకని ముందువాడు దారి చెబుతాడు. "ఎడమ రాయీ!" అని ముందు నుంచి వస్తే "రాయీ, ఓహోం!" అని వెనకవాళ్ళు అందుకుంటారు. గుంట, మలుపు, బురద, పాము, ఏదైనా సరే ఆ కేకలోనే రావాలి. మధ్యమధ్య నాలుగు సరసాలు కూడా దొర్లేవి. ఎండలో ఆమడ దూరం మోసేవాడికి అవే చల్ల.

ఆ కొలువులో గంగులు ముందు బోయీ, అతని తమ్ముడు ఎర్రయ్య వెనక బోయీ. ఇరవై ఏళ్ళుగా ఒకే పల్లకీ. "నాకు కళ్ళెందుకు, మా అన్న నోరుంది గదా" అనేవాడు ఎర్రయ్య. ఇద్దరిదీ ఒకే ఇల్లు. గంగులుకు భార్య పోయింది. ఎర్రయ్య భార్య పైడమ్మ ఇద్దరికీ వండి పెట్టేది.

ఒకనాడు రాజుగారు పొరుగు రాయబారిని వెంటబెట్టుకుని ఊరేగుతున్నారు. రాయబారి గుర్రం మీద పక్కనే వస్తున్నాడు. ఎత్తు ఎక్కుతుండగా గంగులు అలవాటు కొద్దీ ఎత్తుకున్నాడు.

"బరువు పెరిగినాదోయ్!"

"నిన్న గారెలు తిన్నారోయ్, ఓహోం!" అన్నాడు వెనక నుంచి ఎర్రయ్య.

"ఎన్నేటోయ్?"

"వడ్డించినోడు పారిపోనాడోయ్, ఓహోం!"

రాయబారి ఉత్తరీయం నోటికడ్డం పెట్టుకున్నాడు. పాపం, నవ్వు ఆపుకోవడానికి ఆయన పడ్డ పాట్లు పల్లకీ తెరలోంచి రాజుగారికి స్పష్టంగా కనబడ్డాయి. రాజుగారికి తల కొట్టేసినట్టయింది. మర్నాడే శాసనం వచ్చింది. రాజ్యంలో ఏ పల్లకీ కిందైనా సరే, మోస్తూ నోరు విప్పినవాడికి కొలువూ పోతుంది, ఇల్లూ పోతుంది, వాడి కుటుంబం మొత్తం ఎల్లలు దాటిపోవాలి.

ఇంత శిక్షా, నాలుగు గారెల మాటకు!

తరవాత జరిగింది చెప్పాలంటే నాకు మనసొప్పదు గాని, చెప్పకపోతే మిగతాది మీకు తెలియదు. శ్రావణమాసం వానల్లో కోట కింది వాలు అడ్డంగా కోసుకుపోయి కాలవ పడింది. ఒక రోజు రాజుగారి పల్లకీ ఆ వాలు దిగుతుంటే ముందు నడుస్తున్న గంగులు దాన్ని చూశాడు. నోటిదాకా వచ్చింది కేక. వెనక తమ్ముడున్నాడు. ఇంటి దగ్గర పైడమ్మ ఉంది. అరిస్తే ముగ్గురికీ నిలవ నీడ ఉండదు. బొంగు మీద రెండుసార్లు చేత్తో చరిచాడు. అదేం సైగో ఎర్రయ్యకు అర్థం కాలేదు. కాలు కాలవలో పడింది, బొంగు ఛాతీ మీద పడింది.

రాజుగారి మోచెయ్యి గీసుకుపోయింది. ఆస్థాన వైద్యులు ముగ్గురూ పరుగున వచ్చి ఆ మోచేతికి కట్టు కట్టారు. ఎర్రయ్య మూడోనాడు పోయాడు. "స్వీయ అజాగ్రత్త వల్ల తూలిపడినాడు" అని మహామంత్రి గుణశేఖరుడు రాయించి ముద్ర వేయించాడు.

పైడమ్మ ఏడ్చింది, ఏడ్చి ఊరుకుంది. పదకొండో రోజున ఒకే ఒక్క మాట అడిగింది.

"నువ్వు ముందున్నావు గదా బావా. సూసినావు గదా. ఎందుకు సెప్పనేదు?"

గంగులు లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. అతను అసలు ఎవరితోనూ మాట్లాడలేదు. వీధరుగు మీద పడుకునేవాడు. ఆమె అన్నం గిన్నె గడప దగ్గర పెట్టి లోపలికి వెళ్ళిపోయేది.

కొలువంతా అలాగే అయింది. ఆమడ మోసినా అలవని మనుషులు అరకోసుకే ఆయాసపడ్డారు. పొద్దున్నే నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు ఎండెక్కాక ముఖాలు వేలాడేసుకుని వచ్చేవారు. నలభై మంది కుర్రాళ్ళు పక్క రాజ్యంలో ఉప్పు బస్తాలు మోయడానికి పోయారు. అక్కడ కూలి తక్కువే గాని మాట్లాడుకోవచ్చట. తండ్రులు కొడుకుల భుజాలకేసి చూడడం మానేశారు. రాజుగారి పల్లకీ ఎగిరెగిరి పడసాగింది.

"ఏం రోగం వచ్చింది వీళ్ళకు?" అన్నాడు రాజు సభలో.

"ఉత్సాహం తగ్గింది ప్రభూ. దానికి నా దగ్గర మందుంది" అన్నాడు గుణశేఖరుడు.

ఆ మందులు వరసగా దిగాయి. అందరికీ ఎర్ర తలపాగాలు వచ్చాయి. బోయీల వీధి మొదట్లో గోడకు సున్నం కొట్టించి 'మన పల్లకీ - మన గర్వం' అని రాయించారు. పొద్దున్నే పనిలోకి దిగేముందు అందరూ వరసగా నిలబడి నవ్వాలన్నారు. నవ్వారో లేదో చూడడానికి ఇద్దరు తనిఖీదార్లు. ఆ నవ్వులు చూసి వీధి చివరి కుక్కలు మొరిగేవి. అప్పటికీ లాభం లేకపోయేసరికి, ప్రతి పున్నమికీ ఒక ఉత్తమ బోయీని ఎంచి పూలదండ వేస్తామన్నారు.

మొదటి దండ ఎవరికి వేశారో తెలుసా? గంగులుకు. ఐదు నెలలుగా శాసనాన్ని అక్షరాలా పాటించి ఒక్క మాటైనా మాట్లాడని ఏకైక బోయీ అతనేనట! గుణశేఖరుడు స్వయంగా దండ వేసి, భుజం తట్టి, అందరూ ఇతన్ని చూసి నేర్చుకోండన్నాడు. గంగులు ఆ దండ తీసుకెళ్ళి తమ్ముణ్ణి పూడ్చిన చోట పెట్టి, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

అది చూసినవాడు ఒకడున్నాడు. పేరు తిప్పన. రాజుగారి తాంబూలం పెట్టె పట్టుకుని ఎప్పుడూ ఆయన వెనకే నిలబడే ఉద్యోగి. చిన్న ఉద్యోగమే గాని, రాజు చెవికి అంత దగ్గరగా ఇంకెవరూ ఉండరు. నోటి దురుసువాడని పేరు, కానీ రాజుకు తిప్పన మాట వినకపోతే తోచేది కాదు.

"ఏం తిప్పనా, మహామంత్రి మందులు పనిచేయడం లేదు. నీకేమైనా తోస్తోందా?" అన్నాడొకరోజు రాజు ఆకు చుట్టించుకుంటూ.

"తోస్తోంది ప్రభూ. బోయీలు తమ పని హీనమనుకుంటున్నారు. తమవంటి మహావీరులు ఒక్కసారి బొంగు పడితే ఆ దిగులు ఎగిరిపోతుంది. ఎలాగూ చైత్రంలో అమ్మవారిని పల్లకీలో పుట్టింటి గుడికి మోసుకెళ్ళే జాతర వస్తోంది."

"ప్రతి ఏడూ పడుతూనే ఉన్నాం కదా. కోట గుమ్మం నుంచి నాలుగడుగులు."

"అది ముందు బొంగు ప్రభూ. ముందు పట్టడం ఎవరైనా చేస్తారు. తమ వంశంలో వెనక బొంగు పట్టి అమ్మవారిని పుట్టింటిదాకా చేర్చిన రాజు ఇంతవరకూ లేడు. ఆ పని చేస్తే ముప్పై మూడో బిరుదు తప్పదు."

రాజు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. గాలం మింగాడన్నమాట.

"మరొక్క చిన్న సందేహం" అన్నాడు తిప్పన తలవంచి. "మోస్తూ మాట్లాడరాదన్న శాసనం అమ్మవారి పల్లకీకి కూడానా? దానికి మినహాయింపు ఇద్దామా?"

"మినహాయింపా! మా శాసనానికా? దేవుడి పల్లకీ అయినా సరే, మోసేవాడు ఎవడైనా సరే, శాసనం శాసనమే. దండోరా వేయించండి."

వేయించారు. ఊరంతా విన్నది.

జాతర నాటి పొద్దున జనం కోట చుట్టూ కిటకిటలాడిపోయారు. రాజు పట్టుపంచె కట్టి, కిరీటం పెట్టుకుని వెనక బొంగు కింద భుజం పెట్టాడు. ముందు గంగులు. తిప్పన తాంబూలం పెట్టెతో పక్కన నడిచాడు.

పది అడుగులు వేసేసరికే రాజుకు తెలిసివచ్చింది. కళ్ళ ముందు పల్లకీ చెక్క మీద చెక్కిన తామరపువ్వు తప్ప లోకంలో ఇంకేమీ కనబడడం లేదు. బొటనవేలు రాయికి తగిలింది. పళ్ళు బిగించాడు. తరవాత పేడ. తరవాత మళ్ళీ రాయి, అదే వేలు. కిరీటం ముక్కు మీదికి జారింది, సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కాలితో నేల తడిమి తడిమి అడుగు వేయసాగాడు. ఇంత భయం ఆయన యుద్ధంలో కూడా ఎరగడు.

కోట కింది వాలు వచ్చింది. వాన వెలిసి ఎనిమిది నెలలైనా ఆ కాలవను పూడ్పించాలని ఎవరికీ తోచలేదు. దాని అంచుకు రాగానే గంగులు కాళ్ళు నిలిచిపోయాయి. "నడు!" అన్నట్టు మహామంత్రి కళ్ళెర్రజేశాడు. గంగులు కాలవ దాటాడు. వెనకవైపున్న తక్కిన బోయీలకు ఆ చోటు తెలుసు, కాలు చాచి దాటారు. రాజుకు అక్కడికి వచ్చామని తెలియదు. మోకాలిదాకా దిగబడ్డాడు. పల్లకీ ఒరిగింది. జనం హాహాకారాలు చేశారు.

"ఒరేయ్! ముందేముందో చెప్పి చావండ్రా!" అని రాజు ప్రాణభయంతో కేకపెట్టాడు.

బోయీలు ఒరిగిన పల్లకీని భుజాల మీదే నిలబెట్టేశారు. ఎవరూ పలకలేదు.

తిప్పన ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఇప్పుడెవరో మోస్తూ నోరు విప్పారు. కొలువూ పోవాలి, ఇల్లూ పోవాలి, కుటుంబంతో సహా ఎల్లలు దాటాలి. పేరు రాసుకోమంటారా?"

రాజు కాలవలోంచే గుడ్లురిమి చూశాడు. ఆ చూపు కాసేపటికి మెత్తబడింది. బురద మోకాలితో, ముక్కు మీద కిరీటంతో గట్టిగా నవ్వేశాడు.

"ఓరి తిప్పనా! నా శాసనంతో నన్నే పట్టించావు గదరా! సరే, ఈ క్షణమే రద్దు. దారి చెప్పుకోండి, పాడుకోండి, నా గారెలు లెక్కపెట్టుకోండి. నీకేం కావాలో కోరుకో."

జనం కూడా నవ్వారు. గంగులు నవ్వలేదు. తిప్పనా నవ్వలేదు.

"ఈ చోటు తమకు గుర్తుందా ప్రభూ?"

"ఎందుకు లేదు? ఇక్కడే కదూ మా మోచెయ్యి..."

"ఆ రోజే వెనక బొంగు పట్టిన ఎర్రయ్య ఇక్కడే పడ్డాడు. మూడోనాడు పోయాడు. ముందున్నవాడు అతని అన్న గంగులే. కాలవ చూశాడు. చెబితే ఇల్లు పోతుందని చెప్పలేదు. ఇప్పుడతనికి ఇల్లుంది గాని అందులోకి వెళ్ళలేకపోతున్నాడు. నాకు మాన్యాలూ వద్దు, కడియాలూ వద్దు. ఎర్రయ్య భార్య గుమ్మం ముందు నిలబడి, ఆ తప్పు ఎవరిదో తమ నోటితో చెప్పండి. అదే నా బహుమానం."

రాజు నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"ప్రభువులు తప్పు ఒప్పుకోవడం సంప్రదాయం కాదు. ఆమెకు రెండు ఆవులిప్పిద్దాం" అన్నాడు గుణశేఖరుడు.

"నువ్వూరుకో" అన్నాడు రాజు.

కాలవలోంచి పైకి వచ్చి, బొంగు వదలకుండానే అమ్మవారిని చివరిదాకా మోశాడు. శాసనం రద్దయినా చాలాదూరం ఎవరికీ గొంతు పెగల్లేదు. ఒక శాసనంతో మూసిన నోళ్ళు ఇంకో శాసనంతో తెరుచుకుంటాయా? పొలిమేర దగ్గర ఎవరో మెల్లిగా "ఎడమ రాయీ" అన్నారు. ఇద్దరో ముగ్గురో అందుకున్నారు. అది గంగులు గొంతు కాదు.

అక్కణ్ణించి రాజు కాలినడకన బోయీల వీధికి వచ్చాడు. పైడమ్మ గుమ్మంలో చోళ్ళు చెరుగుతోంది. రాజును చూసి చేట కింద పెట్టి లేచి నిలబడింది. గంగులు దూరంగా అరుగు చివర ఆగిపోయాడు.

ముప్పై రెండు బిరుదులున్న మనిషికి మాట దొరకలేదు. చివరికి కిరీటం తీసి చేత పట్టుకున్నాడు.

"అమ్మా, ఆ రోజు మీ బావ నోరు కట్టేసింది నేను. నీ భర్తను పొట్టన పెట్టుకున్నది నేను. తప్పు నాది. అతనిది కాదు."

పైడమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. క్షమించానని అనలేదు. శపించనూ లేదు. అరుగు చివరికి తిరిగింది.

గంగులు పెదవులు కదిలాయి. ఎనిమిది నెలలుగా వాడని గొంతు, మాట సరిగ్గా రాలేదు.

"సూసినానమ్మా" అన్నాడు. "నాను సూసినాను."

"తెల్సు" అంది పైడమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గుమ్మానికి అడ్డు తప్పుకుంది. "నోనికి రా బావా. కూడు సల్లారిపోతంది."