పాలు కారే ముళ్ళపొద

అనగనగా ఒక గుట్ట, ఆ గుట్ట కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో ముళ్ళున్న ప్రతి పొదనీ కంప అనే అనేవాళ్ళు. మగవాళ్ళు నరికి కంచె వేసుకునేవాళ్ళు. ఏ పొద ఏమిటో చూసినవాళ్ళు లేరు.

ఆ ఊరికి మంగతాయి కొత్తకోడలిగా వచ్చింది. అప్పుడు ఆమె తోడికోడలు పైడమ్మకి మూడో నెల. ముద్ద నోట్లో పెడితే చాలు, వాంతి. పుల్లటిదైతే తింటానంటుంది. ఆ ఏడు చింత కాయలేదు, మామిడి అయిపోయింది. పాపం, పైడమ్మ లేచి నిలబడలేకపోతోంది.

"గుట్ట మీద పుల్లటి కలివిపండ్లు ఉంటాయేమో, చూసొస్తాను. మా ఊళ్ళో తింటాం" అంది మంగతాయి.

"వచ్చి నెల కాలేదు, అప్పుడే పుట్టింటి గొప్పలు!" అంది అత్త. అని ఊరుకుందా? వెనకాలే బయల్దేరింది, కోడలు ఏం చేస్తుందో చూద్దామని.

గుట్ట ఎక్కుతుంటే ఒక పొద మంగతాయి చీర పట్టుకుంది. ముల్లు కొక్కెంలా వంగి ఉంది. "ఇది పరికి" అని విడిపించుకుంది.

ఆ తర్వాత ఇంకో పొద. జంటముళ్ళు, ఎదురెదురు ఆకులు. ఆకు తుంచింది. పాలు రాలేదు. "ఇది బలుసు. కూరకి ఆకు బాగుంటుంది, మనక్కావలసింది మాత్రం ఇది కాదు."

ఆ తర్వాత రాళ్ళ మధ్య మూడోది. జంటముళ్ళే, ఎదురెదురు ఆకులే. తుంచితే తెల్లగా పాలు! కొమ్మ నిండా నల్లటి పండ్లు. "ఇదే కలివి" అంది.

"పాలు కారుతోందే! జిల్లేడుకీ పాలే. కడుపుతో ఉన్నదానికి విషం పెడతావా?" అని అత్త కోడలి చెయ్యి పట్టుకుంది.

"జిల్లేడుకి ముళ్ళుంటాయా అత్తా?"

అయినా అత్త చెయ్యి వదల్లేదు. అప్పుడు మంగతాయి రెండో చేత్తో బాగా పండినవి మూడు కోసి, అత్త చూస్తుండగానే తినేసింది.

ముళ్ళు గుచ్చుకోలేదా అంటావా? గుచ్చుకున్నాయే పిడుగా! చేతులంతా గీరుకుపోయాయి. అయినా ఒడి నిండా పండ్లు కోసుకునే ఇంటికొచ్చింది.

సాయంత్రం దాకా అత్త కోడలి మొహమే చూస్తూ కూర్చుంది. ఏమీ కాలేదు. అప్పుడు ఆ పండ్లు పచ్చడి నూరి పైడమ్మకి అన్నం పెట్టారు. ఒక ముద్ద నిలిచింది. రెండోదీ నిలిచింది. మూడో ముద్ద తనే కలుపుకుంది.

అత్త గుమ్మంలో కూలబడింది. "నా నాలుగు కాన్పులూ ఈ గుట్ట కిందే అయ్యాయి. నాలుగుసార్లూ ముద్ద నిలవక పస్తులే. ఈ పండు సంగతి ఒక్కరూ చెప్పలేదే" అంది.

చెప్పబోయిన కోడళ్ళు ఉండే ఉంటారే పిడుగా. ఎవరు చెప్పనిచ్చారు?

కలివిపండు పచ్చట్లోకి,
కథేమో కంచిలోకి,
నువ్వేమో దుప్పట్లోకి!