వక్కముక్కల గుర్రాలు

ఒకానొక రాజ్యం. పేరెందుకు లెండి, మంచిపేరేమీ తెచ్చుకోలేదు. దాన్ని ప్రచండదేవుడనే రాజు ఏలేవాడు. ఆయనకు యుద్ధాలు చేతకావు. అందుకని ఆటపెట్టెలు చేయించి అమ్మేవాడు.

ఆ పెట్టె తమాషా ఏమిటంటే, మీట తిప్పితే లోపల పళ్లచక్రాలు కదిలి పైపలక మీద కోట తలుపులు తెరుచుకునేవి. గాడిలో పెట్టిన కాయలు, అంటే గుర్రాలు, బంట్లు, వాటంతటవే పరుగెత్తేవి. కోట పట్టినవాడిదే గెలుపు. పిల్లలకే కాదు, మీసాలు నెరిసినవాళ్లకీ దాని పిచ్చి పట్టుకుంది.

మొదటి ఏడు పెట్టె పది రూకలు, కాయలు దాంతోనే ఇచ్చారు. మరుసటేడు ఇరవై, కాయలకు వేరే. ఆపైన నలభై. పైగా ఏటా గాడి వెడల్పు మార్చేసేవారు, పాత కాయలు కొత్త పెట్టెలో పట్టి చావవు! ఎవరి కాయలు వాళ్లే వచ్చి కొనుక్కోవాలి, ఒకరివి ఒకరికి ఇవ్వకూడదని శాసనం కూడాను. జనం తెల్లవారుజామునే వరసకట్టి, ధర విని ఉసూరుమంటూ ఇళ్లకు పోయేవారు. "కష్టమైతే కొనడం మానెయ్యండి," అనేవాడు మంత్రి మాదప్ప. పక్కింటి గుమ్మంలో నిలబడి ఆట చూసే పసివాళ్లకు ఆ మాట ఎవరు చెబుతారండీ?

చివరికి జనం కాయలు ఇళ్లలోనే చేసుకోసాగారు. రాజు మండిపడ్డాడు. సభలో విదూషకుడు అక్కిరాజు ఉన్నాడు. రాజును నవ్వించడమే అతని కొలువు. "చేసే చెయ్యే లేకుండా చేస్తే సరి ప్రభూ!" అన్నాడు. సభ గొల్లుమంది. రాజు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే దాన్ని శాసనం చేసి ముద్ర వేశాడు.

నెల తిరక్కుండా కుమ్మరి గురవయ్య కుడిచెయ్యి పోయింది. మనవడి కోసం మట్టితో నాలుగు గుర్రాలు చేశాడు, అంతే. ఒంటిచేత్తో కుండలెలా చేస్తాడు? ఆనాటి నుంచి అక్కిరాజుకు అన్నం సహించలేదు. ఎంత పాడు నోరు నాది అని కుమిలిపోయేవాడు. సభలో నవ్వించడం మాత్రం మానలేదు, కొలువు కదా.

ఇంతలో దసరా వచ్చింది. బుట్టలల్లే ఓబులమ్మ కొబ్బరిచిప్పతో వాడలోని పిల్లలకు కాయలు చెక్కిందని పట్టుకొచ్చారు. విజయదశమి నాడు పొద్దుగుంకే వేళకు రాజు ఎదుట చెయ్యి నరకాలని తీర్పు. అక్కిరాజు చెరసాలకు వెళ్లాడు.

"ఇదంతా నా నోటి చలవే. నన్ను తిట్టమ్మా," అన్నాడు.

"తిడితే చెయ్యి మిగులుతుందా బాబూ? ఇది పోతే నా ఇద్దరు బిడ్డలకూ గంజి ఎవరు పోస్తారు? అది చెప్పు," అంది ఓబులమ్మ. అక్కిరాజు తలదించుకుని వచ్చేశాడు.

రాజవంశంలో ఒక ఆచారం ఉంది. విజయదశమి నాడు రాజు నిండుసభలో ఆటపీట మీద కూర్చుని ఒక ఆట గెలవాలి. కూర్చున్నాక గెలిచేదాకా లేవకూడదు, గుక్కెడు నీళ్లయినా తాగకూడదు. ముత్తాతగారు పాచికలాట మధ్యలో లేచి సగం రాజ్యం పోగొట్టుకున్నారట! ఇప్పుడు ఆ ఆట కొత్త పెట్టెతో ఆడుతున్నారు. దాన్ని సర్దిపెట్టే పని అక్కిరాజుది.

విజయదశమి పొద్దున రాజు పీట మీద కూర్చుని దర్జాగా మూత తీశాడు. లోపల ఖాళీ.

"కాయలేవయ్యా?"

"దుకాణంలో పెట్టె కొంటే పెట్టె మాత్రమే ఇచ్చారు ప్రభూ. కాయలు వేరే."

"ఎవరినైనా పంపి తెప్పించు!"

"ఎవరి కాయలు వాళ్లే స్వయంగా వచ్చి కొనుక్కోవాలి. ఒకరివి ఒకరికి ఇవ్వకూడదు. తమ శాసనమే. మినహాయింపు ఎవరికీ లేదని మంత్రిగారు ఊరంతా చాటింపు వేయించారు."

రాజు మంత్రివైపు చూశాడు. మాదప్ప నేలవైపు చూశాడు.

"అయితే ఇప్పుడే శాసనం మార్చేస్తాను!"

"శాసనాలు సింహాసనం మీంచి కదా ప్రభూ చెయ్యాలి. తమరున్నది ఆటపీట మీద."

మధ్యాహ్నమైంది. ఎండ కాల్చేస్తోంది. రాజు పెదవులు ఎండిపోయాయి.  అక్కిరాజు నీడ ఎంత సాగిందో చూసుకుంటూ, తాంబూలపు పళ్లాన్ని మెల్లగా రాజు ముందుకు జరిపాడు. అందులో వక్కలు, అడకత్తెర ఉన్నాయి. తియ్యవయ్యా మహానుభావా, తియ్యి అని లోలోపల వెయ్యి దేవుళ్లకు మొక్కాడు.

ఆకలికి రాజేమిటి, పేదేమిటి! ప్రచండదేవుడు అడకత్తెర అందుకున్నాడు. వక్కలు ముక్కలుగా కత్తిరించాడు, గాడిలో పట్టేలా అంచులు గీకాడు. నాలుగు గుర్రాలు, ఆరు బంట్లు. మీట తిప్పాడు. అవి పరుగెత్తి కోట పట్టాయి.

"గెలిచాం!" అని ఒక్క గంతేసి, చెంబెడు నీళ్లు గటగటా తాగి, సింహాసనం మీద కూలబడ్డాడు.

అప్పటికి పొద్దు వాలింది. తలారి ఓబులమ్మను ఈడ్చుకొచ్చాడు. "కాయలు తనే చేసుకున్న నేరం ప్రభూ," అన్నాడు.

అక్కిరాజు ముందుకొచ్చాడు.  "కాస్త ఆగు తలారీ. వరసలో ఓబులమ్మ రెండోది. ఇందాక ఈ సభంతా కళ్లారా చూసిన చెయ్యి ఒకటుంది. ముందు దాని సంగతి చూడు."

 రాజు తన కుడిచేతివైపు చూసుకున్నాడు. వేళ్లకు ఇంకా వక్కపొట్టు అంటుకుని ఉంది.  నవ్వాడు, ముందు నెమ్మదిగా, ఆపైన పొట్ట పట్టుకుని.

"దొరికిపోయానురా అక్కిరాజూ! ఆ శాసనం చించెయ్యండి. ఆమెను వదిలెయ్యండి. ఇకమీద కాయలు పెట్టెతోనే ఇవ్వాలి, పాత ధరకే," అని తన బంగారు కడియం తీసి అక్కిరాజు చేతిలో పెట్టాడు.

ఓబులమ్మ దండం కూడా పెట్టకుండా ఇంటికి పరుగెత్తింది. పిల్లలు తిండిలేక ఎదురుచూస్తున్నారు మరి.

అక్కిరాజు కడియం పట్టుకుని తిన్నగా కుమ్మరి గురవయ్య ఇంటికి వెళ్లాడు. ఆగిపోయిన సారె పక్కన ముసలాయన కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పి, కడియం ఆయన ముందుంచాడు.

గురవయ్య దాన్ని ఎడంచేత్తో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచి పనేనయ్యా చేశావు. నువ్వంత మాటకారివి గదా, నాకొక్కటి చెప్పు. ఇదే మాట ఆ రోజే ఎందుకు రాలేదు?"

అక్కిరాజు ఆయన పక్కనే సారె దగ్గర చతికిలబడ్డాడు. అక్కడ ఎండిపోయిన మట్టిని నీళ్లతో తడిపాడు. "తిప్పడం నేర్పు తాతా," అన్నాడు.