మాది పక్షం, వాళ్లది ముఠా

అనగా అనగా, ఏడుదిబ్బల మడుగని ఒక పెద్ద మడుగు. ఆ దిబ్బల మీద తుమ్మచెట్ల నిండా గూడబాతుల కాపురాలు. ముక్కు కింద సంచి వేలాడే పెద్ద తెల్లని పక్షులు అవి.

వాటి వేట చూసి తీరవలసిందే. అన్నీ కలిసి నీళ్లలో వలయం కట్టేవి. రెక్కలతో నీళ్లు కొడుతూ దగ్గరదగ్గరగా జరిగేవి. మధ్యలో చిక్కిన చేపలు ఎటు పోవాలో తెలియక వాటి సంచుల్లోనే పడేవి.

ధవళ అనే గూడబాతు నెల రోజులు గుడ్ల మీద నుంచి కదల్లేదు. మగడు తెచ్చింది తింది, పొదిగింది. రెండు పిల్లలు పుట్టాయి. కానీ మగడి సంచి రోజురోజుకూ తేలికవుతూ వచ్చింది. ఎందుకని అడిగితే తల దించుకునేవాడు. ఆ ఉదయం పిల్లలు అరవడం కూడా మానేశాయి. పొద్దు వాలేలోగా మేత పడకపోతే అవి దక్కవు.

"నువ్వు పిల్లలకు నీడ పట్టు. నేను వెళ్లొస్తాను" అంది ధవళ.

"వెళ్లి ఏ వైపు దిగుతావే? అది తేల్చుకోలేకే నేను ఒంటరిగా ముక్కు ముంచుతున్నాను" అన్నాడు మగడు.

నీళ్లకు వైపులేమిటో ధవళకు అంతుపట్టలేదు. ఎగిరి చూసింది. మడుగులో వలయం లేదు! తూర్పున ఒక సగం, పడమట ఒక సగం. ఒకరికొకరు వీపులు తిప్పుకుని నీళ్లు కొడుతున్నారు. చేపలు తెరిచి ఉన్న వైపు నుంచి హాయిగా ఈదిపోతున్నాయి.

ధవళ తూర్పున దిగింది. అక్కడ దీర్ఘచంచు తాత పెద్ద.

"రా అమ్మాయ్, మన పక్షానికి రా!" అన్నాడు.

"పక్షమా? మరి అటు ఉన్నవాళ్లు?"

"వాళ్లది ముఠా."

"తేడా ఏమిటి తాతా?"

"వేరే చెప్పాలా? మనం ఉంటే పక్షం. వాళ్లుంటే ముఠా." తాత గొంతు తగ్గించాడు. "అటు నలభైమంది, ఇటు నలభైమంది. నువ్వొస్తే నీ మగడూ వస్తాడు. ఇక వాళ్ల పని అయిపోయినట్టే!"

"ఇంతకీ తగవు ఎందుకొచ్చింది?"

"వేటలో తొలి దెబ్బ కుడి రెక్కతోనే వెయ్యాలి. వాళ్లు ఎడమ రెక్కతో వేస్తారట, చూడు ఎంత పొగరో!"

ధవళ తన రెండు రెక్కలూ చూసుకుంది. ఇన్నాళ్లూ తాను ఏ రెక్కతో కొట్టిందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

పడమటికి వెళ్లింది. అక్కడ లంబకంఠి అవ్వ పెద్ద.

"వచ్చావా తల్లీ! ఇదే అసలు సంఘం. ఆ తూర్పువాళ్లు మన నుంచి ఊడిపోయిన చీలిక."

"అవ్వా, మధ్యకు చీలితే రెండు ముక్కలూ చీలికలే కదా?"

"నోరు లేచిందే నీకు! ఆ ముఠా నిన్ను పంపిందా ఏం?"

"తాత మిమ్మల్నే ముఠా అన్నాడు."

"మమ్మల్నా! వాళ్లే ఒట్టి మూక!" అని అవ్వ సంచి అదిరేలా అరిచింది. ఆ కేకకు దరిలో ఉన్న నాలుగు చేపలు కూడా పారిపోయాయి.

ధవళకు తల తిరిగింది. అటు పక్షం ఇటు ముఠా, ఇటు సంఘం అటు చీలిక. తల అటు నుంచి ఇటు తిప్పితే చాలు, పేర్లు తారుమారు. పక్షులు మాత్రం అవే. తన మేనత్త అటు, మేనమామ ఇటు!

చివరికి నడిమి దిబ్బ మీద ఎండ కాచుకుంటున్న పదిమంది దగ్గర వాలింది. "మీరెవరు బాబూ?"

"మేము తటస్థులం" అన్నాడు ఒక బట్టతల ముసలాయన. "ఎవరి జోలికీ పోము. చూడు, ఎంత ఐకమత్యంగా ఉన్నామో!"

"అందరూ తటస్థులేనా?"

"ఈ చివరనున్న అయిదుగురం అసలు తటస్థులం. ఆ చివరి అయిదుగురూ పైకి మాత్రమే."

ఆ చివర నుంచి "ఏమన్నావ్!" అని కేక వినిపించింది.

ధవళకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. గూట్లో పిల్లలు కళ్లు తెరుస్తున్నాయో లేదో. ఆమె ఎగిరి మడుగు నడుమ వాలి, గొంతెత్తి పిలిచింది.

"పెద్దలారా! నాకు మీ పేర్లు ఒక్కటీ బుర్రకెక్కలేదు. వీపులు తిప్పుకుని కాదు, ఎదురెదురుగా నిలబడి చెప్పండి. తూర్పువాళ్లు అర్ధచంద్రంగా ఇటు, పడమటివాళ్లు అటు. తటస్థులు సందుల్లో కూర్చుని తీర్పు చెప్పాలి. మాటకొకసారి ఎవరి రెక్కతో వారు నీటిని కొట్టి, ఒక అడుగు ముందుకు రావాలి. గెలిచినవాళ్లలో మేమిద్దరం చేరతాం!"

ఇద్దరు ఎక్కువవుతారంటే ఎవరికి చేదు? ఎగబడి వచ్చారు.

"ముఠా!" ఫట్ మని కుడి రెక్క. ఒక అడుగు.

"చీలిక!" ఫట్ మని ఎడమ రెక్క. ఒక అడుగు.

"గుంపు!" "మూక!" "మంద!" ఫట్, ఫట్, ఫట్! కోపం పెరిగేకొద్దీ అడుగులు పెరిగాయి. తటస్థులు కూడా తీర్పు మరిచి రెండు రెక్కలతోనూ కొట్టసాగారు. పని చేస్తుందో లేదోనని ధవళ నీళ్లలోకే చూస్తోంది.

ఉన్నట్టుండి తాత మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన ముక్కు ముందు నీళ్లు వెండిలా ఉడుకుతున్నాయి. వలయం నిండా చేపలు!

తొంభై ముక్కులు ఒక్కసారి మునిగాయి. తొంభై సంచులు నిండాయి. ధవళ కూడా సంచి నింపుకుని గూటికి ఎగిరింది. పిల్లలు కళ్లు తెరిచి, ఆమె గొంతులో తలలు దూర్చి తిన్నాయి. తిని అరిచాయి. ఆ అరుపు విని మగడు కళ్లొత్తుకున్నాడు.

మర్నాడు ధవళ దిగేసరికి అందరూ వలయంలోనే ఉన్నారు. రెక్క మాత్రం ఒక్కటీ కదలడం లేదు.

"దీన్ని కూటమి అందాం" అంటోంది అవ్వ.

"కాదు, సమాఖ్య!" అంటున్నాడు తాత.

"తాతా, అవ్వా," అంది ధవళ, ఇద్దరి మధ్యా దూరి, "చేపలు వినేలోగా నీళ్లు కొట్టండి!"

పిల్లలూ, ఒకే ఆకలి ఉన్నవాళ్లు పేర్లు పెట్టుకుని చీలిపోతే, బాగుపడేది చేపలే.