మంజూరైన నీళ్ళు

ఎండలు మండిపోతున్న ఆ రోజుల్లో ముసలి గేదె పోలమ్మకు ఉన్న ఆధారమల్లా ఏనుగు గున్నయ్యే. వాగులో జారి కాలు విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ ఆవిడ కొండమీద తన పొద దగ్గరే పడి ఉంది. పొద్దున్నే గున్నయ్య తొండం నిండా ఏటి నీళ్ళు పట్టుకొచ్చి ఆవిడ ముందున్న రాతి తొట్టిలో వంపేవాడు. అడవిలో కదల్లేని ముసలీ ముతకా అందరికీ అలాగే పోసేవాడు. ఆ పనికి ఓ పేరంటూ లేదు. అదే వచ్చింది తంటా!

పక్క కొండ పులిదొర ఏదో కొత్త పథకం పెట్టాడని విని మన సింహం దొరకు కడుపు మండింది. "మనకూ ఓ కొత్తది కావాలి!" అని గర్జించాడు. ఇలాంటి మాట కోసమే చెవులు రిక్కించుకుని ఉండే నక్క నాగభూషణం గబుక్కున ముందుకొచ్చాడు.

"దొరా, ఏనుగు చేత నీళ్ళు మోయించడం తాతలనాటి పద్ధతి. చిలకల్ని పంపుదాం. గడప గడపకీ కబురు! గున్నయ్యకు పూలదండ వేసి, పథకానికి గుర్తుగా తమ గుహ ముందు నిలబెడదాం."

దొరకు తెగ నచ్చేసింది. ఎందుకు నచ్చదూ, ఒక్క ముక్క అర్థమైతేగా!

మర్నాడు పోలమ్మ తొట్టి అంచున చిలక వాలింది.

"అమ్మా, శుభవార్త! మీకు నీళ్ళు మంజూరయ్యాయి."

"సంతోషం తల్లీ. ఏవీ?"

"ఏవంటే? మంజూరయ్యాయి."

"గున్నయ్య ఎప్పుడొస్తాడమ్మా?"

"ఆయన రాడు. దండ వేశారుగా, కదలకూడదు."

నీళ్ళు రాలేదు మొర్రో అని పోలమ్మ మొత్తుకుంటే చిలక మళ్ళీ వచ్చింది. "శుభవార్త! నీళ్ళు రాలేదన్న మీ మాట దొరవారికి చేరింది."

పోలమ్మ నాలుక పిడచకట్టుకుపోయింది. రాళ్ళ సందుల్లో చెమ్మ నాకింది, తడి దుంపలు నమిలింది. ఇలాగే సాగితే ఈ తొట్టి పక్కనే ప్రాణం పోతుందని తెలిసిపోయింది. భయమేసింది. భయాన్ని మించి ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే నాగభూషణం తోక ఊపుకుంటూ వచ్చాడు.

"పోలమ్మత్తా, నీ పంట పండింది! రేపు దొరవారు పథకాన్ని కళ్ళారా చూడ్డానికి నీ దగ్గరికే వస్తున్నారు. నీళ్ళు బ్రహ్మాండంగా మంజూరవుతున్నాయని చెప్పు, చాలు."

"చెప్తాలే నాయనా, అందులో అబద్ధమేముంది? అవునూ, అంత ఎండలో కొండెక్కి వస్తారే, వెంట నీళ్ళేమైనా తెచ్చుకుంటారా?"

"తెచ్చుకోరూ? దొరవారి కోసమైతే గున్నయ్య కదలొచ్చు, తొండం నింపుకుని వెనకే వస్తాడు."

"అయ్యో, అదేం పని! గడప గడపకీ నీళ్ళిచ్చే దొర తన నీళ్ళు తాను మోయించుకొస్తే అందరూ నవ్వరూ? నీ పథకం మీద నీకే నమ్మకం లేదనుకోరూ?"

నక్క ఒక్క క్షణం ఆలోచించాడు. తన పథకం గొప్పతనం గ్రహించినవాళ్ళు ఒక్కరైనా దొరికారని మురిసిపోయాడు. "భలే చెప్పావత్తా! గున్నయ్యను గుహ దగ్గరే ఉంచేస్తా."

దొర ఎప్పుడూ లేటుగా లేస్తాడు. కొండెక్కేసరికి మిట్టమధ్యాహ్నమైంది. నక్కనూ చిలకనూ వెంటబెట్టుకుని వచ్చి, నాలుక బయటపెట్టి రొప్పుతూ పోలమ్మ ముందు కూలబడ్డాడు.

"పథకం సంగతి తర్వాత పోలమ్మా, ముందు కాసిని నీళ్ళియ్యి. గొంతెండిపోతోంది."

"అంతకంటేనా దొరా! చిలకమ్మా, చెప్పు."

చిలక రెక్కలు దులుపుకుని వంగి దండం పెట్టింది. "శుభవార్త! దొరవారికి నీళ్ళు మంజూరయ్యాయి."

దొర తొట్టిలోకి తొంగి చూశాడు. అందులో ఓ ఎండుటాకు, దాని మీద ఓ చీమ.

"ఏవే నీళ్ళు?"

"మంజూరయ్యాయి దొరా," అంది చిలక.

"అవి తాగేవి కావు దొరా, వినేవి. నేను రోజూ వింటూనే ఉన్నా," అంది పోలమ్మ.

దొర మెల్లగా నక్క వైపు తిరిగాడు. నాగభూషణం తోక కాళ్ళ మధ్యకు పోయింది. "అదే... తమరు కాస్త పాత పద్ధతిలో ఆలోచిస్తున్నారు దొరా..."

గర్జిద్దామని దొర నోరు తెరిస్తే కీచుమని మాత్రమే వచ్చింది. "పోయి గున్నయ్యను పిలు! ఆ దండ తీసి అవతల పారెయ్యమను!" అన్నాడు చిలకతో.

గున్నయ్య తొండం నిండా ఏటి నీళ్ళతో పరుగున వచ్చి, దొర వైపు చూడనైనా చూడకుండా, నీళ్ళన్నీ పోలమ్మ తొట్టిలో వంపాడు. దొరా గేదే ఒకే తొట్టిలో మూతులు పెట్టి తాగారు. కడుపు చల్లబడ్డాక పోలమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

నక్కకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. "అద్భుతం దొరా! నీళ్ళే నేరుగా గడపకి! ఎవరికీ తట్టని ఆలోచన. దీనికో కొత్త పేరు పెడదాం..."

"పెట్టు. మోస్తూ పెట్టు," అన్నాడు దొర. అక్కడికక్కడే అతని మెడకో సొరకాయ బుర్ర కట్టించాడు.

ఆ వేసవంతా నాగభూషణం బుర్రతో నీళ్ళు మోస్తూ కొండ ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. "పై బొరియలో ముళ్ళపంది తాత ఎదురుచూస్తున్నాడు నాయనా, ఒలకబోయకుండా వెళ్ళు," అని పోలమ్మ రోజూ గుర్తుచేస్తూనే ఉంది.

నీతి: దాహంతో ఉన్నవాళ్ళ గడపకు చేరాల్సింది నీళ్ళు, నీళ్ళ గురించిన కబురు కాదు.