మంచానికి కందకం

ఒకానొకప్పుడు ఒక రాజ్యం ఉండేది. దాని పేరు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. ఆ కోట చుట్టూ తవ్విన కందకం మాట మాత్రం జనం నోట నిలిచింది. అంత లోతు, అంత వెడల్పు. నిండా మొసళ్లు. దాటడానికి ఒకే ఒక్క వంతెన.

ఆ కోటను ఏలిన ఉదయకేతు మహారాజు చెడ్డవాడు కాదు. ఆకలని వచ్చినవాడికి అన్నం పెట్టించేవాడు. కాకపోతే తన గొప్ప తాను చెప్పుకోవడం ఆయనకు అన్నం కంటే ఇష్టం. కొలువులో ఎవరు ఏ మాట ఎత్తినా దాన్ని కందకం దగ్గరికి తెచ్చి వదిలేవాడు.

"మా తాతగారు తవ్వించిన కందకం అది! నా సెలవు లేకుండా ఈ కోటలోకి చీమ కూడా రాలేదు."

"అవును మహాప్రభూ," అనేవాడు గుండన. "ఒక్క బెల్లం వండిన రోజున మాత్రం సెలవడగడం మరిచిపోతుంటాయి."

గుండన ఆ కొలువులో చమత్కారి. రాజు ముఖం మీద అలాంటి మాట అని తల దక్కించుకోగలిగినవాడు అతనొక్కడే.

ఒక ఏడాది ఉదయకేతు పొరుగు రాజు మీదికి దండెత్తి గెలిచాడు. ఏనుగులు, గుర్రాలు తెచ్చుకున్నాడు. వాటన్నిటికంటే ముద్దుగా, ఓడిన రాజు పడుకునే పట్టెమంచం తెచ్చుకున్నాడు. ఎర్రచందనంతో చేసిన మంచం. నాలుగు మంచంకోళ్లూ నాలుగు సింహాలు. తలవైపు పలక మీద ఏనుగుల వరస.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. ఓడినవాడి మంచం మీద గెలిచినవాడు పడుకోవాలి. ఆ మంచాన్ని విప్పకూడదు, దాని మేకు కదపకూడదు. మేకు కదిలితే గెలుపు కూడా కదిలిపోతుందని వాళ్ల నమ్మకం.

మేళతాళాలతో మంచం వంతెన దాటింది. అంతఃపురం గుమ్మంలో నాంచారి అడ్డం వచ్చింది. నాంచారి రాజును ఎత్తుకుని పెంచిన దాది. తన తల ముగ్గుబుట్ట అయిపోయినా ఆయన్ను ఇంకా 'చిన్నదొరా' అనే పిలిచేది.

"చిన్నదొరా, ఇంకొకరు పడుకున్న మంచం నాయనా ఇది. ముందు బాగా ఎండలో పెట్టించు. సందుల్లో సలసల కాగే నీళ్లు పోయించు. అప్పుడు లోపలికి తెచ్చుకుందువు గాని."

"గెలిచి తెచ్చిన మంచాన్ని అంట్ల గిన్నెలా వాకిట్లో కడగమంటావా?" అని రాజు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అంతమంది నవ్వుతుంటే నాంచారి కూడా నవ్వి పక్కకు తప్పుకుంది.

ఆ రోజుల్లోనే ఆమెకు మరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. గదిలోకి వెళ్లి, ఎందుకొచ్చానా అని నిలబడిపోయేది. రాజుకు పసితనంలో పాడిన జోలపాటలు తనలో తాను గొణుక్కునేది. పాట నడుమ ఒక మాట తగలకపోతే భయపడి మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేది.

కొంతకాలానికి రాజు ఒంటి మీద దద్దుర్లు లేచాయి. మెడ మీద, వీపు మీద, వరసగా. రాజవైద్యుడు వేడి చేసిందని చందనం పూశాడు. రాజు రాజదండంతో వీపు గోక్కుంటూ కొలువు చేశాడు.

ఒకనాడు దూరదేశపు దూత వచ్చాడు. రాజు కందకం కథ ఎత్తుకున్నాడు. వింటున్న దూత చూపు రాజు భుజం మీద ఆగిపోయింది.

"మహారాజా, మన్నించాలి. మీ ఉత్తరీయం మీద కెంపు కదులుతోంది."

అది కెంపు కాదు. బాగా తాగి బలిసిన నల్లి.

"మా రాజ్యంలో కెంపులు నడుస్తాయి," అన్నాడు గుండన తొణక్కుండా. దూత మర్యాదకు తల ఊపాడు గాని నవ్వు ఆపుకోలేకపోయాడు.

దూత వెళ్లగానే రాజు మండిపడ్డాడు. "నా కోటలోకి నల్లి ఎలా వచ్చింది?"

మంత్రి చేతులు కట్టుకుని అన్నాడు. "ఇలాంటివి పేదల గుడిసెల్లో పుడతాయి ప్రభూ. పనివాళ్ల మూటల్లో వస్తాయి. నాంచారి ఈమధ్యే చెల్లెలి ఊరు వెళ్లి బొంత మూటతో తిరిగివచ్చింది."

నాంచారిని పిలిపించారు.

"నీ బొంతలో నల్లులున్నాయా?" అని అడిగాడు రాజు.

ఆమె చాలాసేపు ఆలోచించింది. లేవని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. లేవని గుర్తుంటే కదా.

"గుర్తులేదు చిన్నదొరా. ఉన్నాయేమో. నువ్వు ఉన్నాయంటే ఉండే ఉంటాయి. ఈ మధ్య నాకేదీ నిలవడంలేదు."

"ఒప్పుకుంది!" అన్నాడు మంత్రి.

"గుర్తులేదనడం ఒప్పుకోవడం కాదు మహాప్రభూ," అన్నాడు గుండన.

"లేదనడమూ కాదు," అన్నాడు రాజు.

రాజు చిన్నప్పటి అంగీలు, పట్టుముక్కలు చేర్చి కుట్టుకున్న బొంత అది. దాన్ని వంతెన అవతల తగలబెట్టారు. కాల్చేముందు గుండన దాని కుట్లన్నీ విప్పి వెతికాడు. ఒక్క నల్లీ దొరకలేదు. ఆ మాట చెబితే, "అన్నీ అప్పుడే నా మీదికి వచ్చేసి ఉంటాయి," అన్నాడు రాజు.

నాంచారిని కందకం అవతల ఉన్న పాడుసత్రానికి పంపేశారు. వంతెన దాటాక ఎటు వెళ్లాలో తెలియక ఆమె నిలబడిపోయింది. కాపలావాడు చెయ్యి పట్టుకుని దారి చూపించాడు.

నాంచారి వెళ్లింది గాని నల్లులు వెళ్లలేదు. వైద్యుడు గది నిండా సాంబ్రాణి పొగ వేయించాడు. నల్లులు దగ్గుకుంటూ రాణిగారి గదిలోకి మారాయి. పొగ తగ్గాక కొన్ని తిరిగి వచ్చాయి. కొన్నిటికి అక్కడే బాగుందేమో, ఉండిపోయాయి.

"ఇంకెవడి మూటలో వస్తున్నాయో కనిపెట్టండి. పనివాళ్లందర్నీ వెళ్లగొడతాను," అని రాజు కేకలు వేస్తుంటే గుండన లేచాడు.

"మహాప్రభూ, ఎవరు తెస్తున్నారో తర్వాత చూద్దాం. ముందు రాకుండా ఆపుదాం. శత్రువును ఆపడంలో మీ వంశాన్ని మించినవాళ్లున్నారా? తాతగారు కోటకు కందకం తవ్వించారు. తమరు మంచానికి తవ్వించండి."

రాజు కళ్లు మెరిశాయి. "మంచానికి కందకమా!"

"తోటలో కొత్తగా కట్టిన రాతిమంటపం ఉంది. గోడకు పగుళ్లు లేవు. నిన్నమొన్న సున్నం వేశారు. మంచాన్ని గోడకు తగలకుండా నట్టనడుమ వేయిద్దాం. నాలుగు కోళ్ల కిందా నీళ్లు నింపిన వెండిగిన్నెలు పెడదాం. కొత్త పరుపు, కొత్త దుప్పటి. దుప్పటి అంచు నేలకు జారకూడదు. తమరు తలస్నానం చేసి కొత్త బట్టలు కట్టుకుని పడుకోండి."

"నల్లి నీళ్లు దాటలేదా?"

గుండన ఒక నల్లిని గిన్నెలో వేశాడు. అది కాసేపు కాళ్లు కొట్టుకుని చచ్చింది. రాజు పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"అందరూ వినండి! ఈ కందకం దాటి ఒక్క నల్లి నా మంచమెక్కినా, నా కిరీటం గుండన తల మీద పెడతాను."

"కిరీటం నాకొద్దు ప్రభూ, దానికీ సందులున్నాయి. ఊరికే అడుగుతున్నాను. ఒకవేళ రేపు పొద్దున తమరికి దద్దుర్లు కనబడితే?"

"కనబడవు."

"కనబడ్డాయనే అనుకుందాం. ఆ నల్లులు బయటివాళ్లు తెచ్చినవి కావన్నట్టే కదా?"

"ముమ్మాటికీ కావు. కందకం ఉండగా బయటినుంచి ఎలా వస్తాయి?" అని రాజు సభ వైపు తిరిగాడు. "అందరూ సాక్ష్యం!"

తెల్లవారి కొలువంతా మంటపం దగ్గర చేరింది. రాజు లేచి కూర్చున్నాడు. మెడ నుంచి మోచేతి దాకా దద్దుర్లు వరస కట్టి ఉన్నాయి.

గుండన వంగి నాలుగు గిన్నెలూ చూశాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. "కందకం బాగానే పనిచేసింది మహాప్రభూ. ఒక్కటీ దాటలేదు."

"ఎగిరి వచ్చి ఉంటాయి," అన్నాడు మంత్రి.

"నల్లికి రెక్కలు లేవు మంత్రిగారూ. గెంతడం కూడా రాదు. దానికి వచ్చినవి రెండే పనులు. నడవడం, ఎవరైనా మోసుకొస్తే కదలకుండా కూర్చోవడం. నడిచి రాలేదని ప్రభువులే సెలవిచ్చారు."

రాజు మోచెయ్యి గోక్కున్నాడు.

"పరుపు కొత్తది. బట్టలు కొత్తవి. మంటపం కొత్తది. ఇక్కడ పాతది ఒక్కటే ఉంది," అని గుండన మంచం పట్టె మీద వేలితో తట్టాడు. "దీని సందులో ఒక్క చెంబెడు మరిగే నీళ్లు పోయడానికి సెలవివ్వండి."

"ఆచారం! మేకు కదిపితే గెలుపు పోతుంది!" అన్నాడు మంత్రి.

"ఏ గెలుపు మంత్రిగారూ? ఓడిన రాజు సైన్యం ఇందులో దిగి గెలిచిన రాజు నెత్తురు రోజూ తాగుతోంది. ఆ రాజు ఏనుగుల కోసం కొట్లాడాడు, గుర్రాల కోసం ఏడ్చాడు. మంచం మాత్రం మనం అడక్కముందే ఎత్తించి పంపాడు. అందరూ మర్యాద అనుకున్నారు. బొంతలో నల్లి దొరకనప్పుడు నాకు అనుమానం వచ్చింది."

రాజు మంచం దిగాడు. "పోయించు," అన్నాడు.

పలకను విడదీసి సందులో నీళ్లు పోశారు. చెక్కిన ఏనుగుల వెనకనుంచి నల్లులు బిలబిలమంటూ బయటపడ్డాయి. ముసలివి, పిల్లలు, తెల్లటి గుడ్లు కూడా. కొలువంతా వెనక్కి గెంతింది. అందరికంటే దూరం గెంతినవాడు మంత్రి.

రాజు కాసేపు నోరు తెరిచి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "చీమ కూడా రాలేదన్నాను. నేనే డప్పులు కొట్టించి సైన్యాన్నంతా పట్టెమంచం మీద ఊరేగించి తెచ్చుకున్నాను!" మెడలోని ముత్యాలహారం తీసి గుండన మెడలో వేశాడు. "ఇంకేం కావాలో అడుగు."

"నాంచారిని తీసుకురండి. పల్లకీ పంపడం కాదు ప్రభూ. తమరే వెళ్లండి."

రాజు ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఎండలో పెట్టమంది," అన్నాడు. "సందుల్లో నీళ్లు పోయమంది. నేను నవ్వాను. నా ఎదుట నిలబెట్టి అడిగిన రోజున, ఆ మాట చెప్పుకుంటే ఆమె బయటపడేది. ఆమెకు గుర్తులేదు, వయసు అలాంటిది. నాకెందుకు గుర్తురాలేదు గుండనా?"

ఆ పూటే ఆచారం మారింది. కోటలోకి ఏ పాత సామాను వచ్చినా, అది సామంతుడి కానుకైనా సరే, వంతెన అవతలే ఎండలో ఉంచి, సందుల్లో మరిగే నీళ్లు పోశాకే లోపలికి తేవాలన్నారు. ఊళ్లకు వెళ్లివచ్చినవాళ్లు, రాజైనా బోయీ అయినా, బట్టలు వాకిట్లోనే దులిపి ఉడకబెట్టాలన్నారు. గోడల పగుళ్లు సున్నంతో పూడ్పించారు. గుడ్లు మళ్లీ పిల్లలవుతాయని, ఒక్కసారితో వదలకుండా పక్కలన్నీ పదేపదే ఎండవేయించారు. కొన్ని నెలలకు కోట నల్లుల పీడ వదిలి హాయిగా నిద్రపోయింది.

రాజు మాత్రం మంచం విప్పిన రోజే నడిచి సత్రానికి వెళ్లాడు.

నాంచారి అరుగు మీద కూర్చుని ఉంది. పరుచుకోవడానికి చాప కూడా లేదు. ఉన్న రెండు చీరలూ ఉడకబెట్టి ఉడకబెట్టి పీలికలయ్యాయి. చేతుల నిండా నీళ్లు కాలిన మచ్చలు. అలికిడి విని తల ఎత్తింది.

"ఎవరు బాబూ? అక్కడే ఆగండి, దగ్గరికి రాకండి. నా ఒంటి మీద నల్లులున్నాయి. మీకు పట్టుకుంటాయి."

"నీ ఒంటి మీద నల్లుల్లేవు నాంచారీ."

"ఉన్నాయి బాబూ. మా చిన్నదొర చెప్పాడు. వాడు అబద్ధం చెప్పడు."

రాజు అన్నాడు. "మీ చిన్నదొర పొరబడ్డాడమ్మా."

నాంచారికి కోపం వచ్చింది. "ఎవరయ్యా నువ్వు? ఎండన పడి వచ్చి మావాణ్ణి అంటావేం? వాడి సంగతి నీకేం తెలుసు? నేను పెంచాను వాణ్ణి."

"నాకు తెలియదమ్మా. నువ్వే చెప్పు," అన్నాడు రాజు.

కోటకు రమ్మని ఎంత బతిమాలినా ఆమె వినలేదు. నల్లులతో కోటలోకి ఎలా వస్తానంది. రాజు సత్రం బాగుచేయించాడు, మంచం వేయించాడు, మనుషుల్ని పెట్టాడు. రోజూ తానే అన్నం తెచ్చేవాడు. ఆమె రోజూ ఎవరు బాబూ అని అడిగేది. ఆయన దారిన పోయేవాణ్ణని చెప్పి, ఆమె ఆగమన్నచోట నేల మీద కూర్చునేవాడు. ఆమె చిన్నదొర అల్లరి చెప్పేది.

ఒకరోజు, వాడు స్నానానికి జడిసి మేకపిల్ల వెనక నక్కి, తాను కూడా మేకలా అరిచాడని చెబుతుంటే రాజు పకపకా నవ్వాడు. నాంచారి మాట ఆపి ఆయన్నే చూసింది.

"అచ్చం మావాడిలాగే నవ్వుతావయ్యా," అంది. "అంత దూరాన కూర్చున్నావేం? ఇలా వచ్చి కూర్చో."

అరుగు మీద చోటిస్తూ పక్కకు జరిగింది. రాజు లేచి రెండడుగులు వేశాడు. అంతలో ఆమెకేదో గుర్తొచ్చింది. కంగారుగా కొంగు ఒంటికి బిగించి చుట్టుకుని, అరుగు చివరిదాకా జరిగిపోయింది.

"వద్దు బాబూ," అంది. "నల్లులు."