పొగడ్తల పెట్టెలో పడ్డ ఫిర్యాదు

ఎర్రవాగుకి ఇవతల అడవి, అవతల మేత. వానాకాలం వచ్చిందంటే ఆ వాగుని నమ్మడానికి లేదు. పొద్దున చూస్తే పిల్లకాలవ, మధ్యాహ్నానికి మానుల్ని దొర్లించే వరద. అందుకని జంతువులన్నీ కూడబలుక్కుని ‘వాగు కబురు’ అని ఒకటి తయారుచేసుకున్నాయి. ఫోనులో ఆ సైటు తెరిస్తే తెర మీద ఒక దీపం కనబడుతుంది. పచ్చగా ఉంటే దాటొచ్చు, ఎర్రగా ఉంటే ఆగాలి. జంతువులకి ఫోన్లేమిటని నన్నడక్కండి. మాట్లాడే మేకని నమ్మినవాళ్ళు ఫోను నొక్కే మేకని నమ్మలేరా?

ఈ వాగు కబురు ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎద్దు కోటయ్య నీళ్ళలో దిగి నిలబడి లోతు కొలత ఇచ్చాడు. ఉడుత వెంకాయమ్మ లోపలి ప్రోగ్రాం రాసింది, రాసి తాళం వెయ్యకుండా అందరికీ వదిలేసింది. ఎవరైనా తెరిచి చూడొచ్చు, చేతనైనవాళ్ళు బాగుచెయ్యొచ్చు. తప్పు కనబడితే తలా ఒక చెయ్యి వేసి సర్దుకోవడమే దాని పద్ధతి. ఇంత మంచి పద్ధతి నిలబడాలంటే కావాల్సింది ఒక్కటే, తప్పు చూసినవాడు వచ్చి చెప్పుకోవడానికి ఒక చోటు. ఆ చోటునే నక్క పానకాలు దాచేశాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

సైటు ముంగిలి చూసుకునే పని నక్కకి ఎందుకిచ్చారంటే, అడిగాడు కాబట్టి. మిగతా అందరికీ మేతపన్లు, పిల్లల పన్లు ఉన్నాయి. పానకాలుకి ఊసుపోక కబుర్లు తప్ప వేరే పని లేదు. పని చేతికి రాగానే మొదటి పేజీలో తన ఫొటో పెట్టుకున్నాడు, చేతులు జోడించి నవ్వుతూ. దాని కింద అరిటాకంత ఒక పెట్టె. ‘మా సేవ మీకు నచ్చిందా? నాలుగు మంచి మాటలు రాయండి’ అని. అందులో ఎవరేం రాసినా ఆ క్షణమే బంగారు అక్షరాల్లో తెర మీదికి ఎక్కిపోతుంది. పొగడ్తని ఆపి చూసేదేముంది, వచ్చింది వచ్చినట్టు వేసెయ్యండి అన్నాడు పానకాలు. మరి తప్పు చెప్పే పెట్టె? అదీ ఉంది, లేకేం. ఎక్కడుందో మేక నాంచారిని అడగండి చెబుతుంది.

నాంచారికి ఒక్కడే కొడుకు, గుండుగాడు. మొన్న చిరుజల్లు పడ్డ పొద్దున్న అవతలి ఒడ్డున తుమ్మకాయలు రాలాయని తల్లీబిడ్డా బయల్దేరారు. నాంచారి ఫోను తీసి చూసింది. దీపం పచ్చగా ఉంది. ముందు బిడ్డ దిగాడు. దిగినవాడు దిగినట్టే మునిగాడు. నీళ్ళు వాణ్ణి దొర్లించుకుంటూ పోయి ఒక మద్దిచెట్టు వేరుకి కొట్టాయి. ఆ వేరే లేకపోతే ఈ కథ చెప్పడానికి నాకు నోరొచ్చేది కాదు. బిడ్డ దక్కాడు గానీ ముందుకాలు విరిగింది. వాణ్ణి ఒడ్డున పడుకోబెట్టి, ఊపిరి ఆడుతోందో లేదో ముట్టెతో తడిమి చూసుకుని, నాంచారి మళ్ళీ ఫోను తీసింది. దీపం ఇంకా పచ్చగానే ఉంది.

తన బిడ్డ సంగతి సరే. ఎల్లుండి కొండ అవతల నుంచి గొర్రెల మంద వస్తోంది, చిన్నచిన్న పిల్లలతో. వాగు దాటి మేత బీడుకి పోవాలి. ఆ మంద కూడా ఈ పచ్చదీపాన్నే నమ్ముతుంది. అంతలోపు ఈ తప్పు బాగవ్వాలి. బాగుచేసే ఉడుత వెంకాయమ్మ కొండ మీద ఏ చెట్టు తొర్రలో ఉంటుందో ఎవరికీ తెలియదు, కబురు సైటులోంచే పోవాలి.

కూర్చుని వెతికింది. మొదటి పేజీలో ఫొటో, పొగడ్తలు. రెండో పేజీలో మళ్ళీ ఫొటో, ఈసారి పక్కనుంచి. ‘మా విజయాలు’ అని ఒక పేజీ. ‘మా ఆశయాలు’ అని ఇంకో పేజీ. జరుపుకుంటూ జరుపుకుంటూ పోతే అన్నిటికీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇతరములు’ అని ఉంది. అది నొక్కితే సభ్యత్వం ఉందా అంది. సభ్యత్వం తీసుకుంటే పాత సభ్యుడి సిఫారసు తెమ్మంది. కాళ్ళావేళ్ళా పడి అదీ తెస్తే, మీరు చెప్పబోయే తప్పుకి నంబరు ఎంత అనడిగింది. చెప్పని తప్పుకి నంబరు ఎక్కడ నుంచి వస్తుందండీ? పుట్టని పిల్లకి పేరు పెట్టమన్నట్టు లేదూ? ఏదో ఒక నంబరు వేస్తే, ఈ నంబరు మా దగ్గర లేదు కాబట్టి మీ తప్పు కూడా లేదు, ధన్యవాదాలు అని మొదటి పేజీకి తెచ్చి వదిలింది. అక్కడ పానకాలు చేతులు జోడించి నవ్వుతున్నాడు. పైన పటారం, లోన లొటారం.

నాంచారి ఏడుపూ కోపమూ దిగమింగి ఎద్దు కోటయ్య దగ్గరికి పోయింది. కోటయ్య ఓపికమంతుడు, నెమరు ఆపకుండా అంతా విన్నాడు. బిడ్డ మునిగిన చోటు ఎక్కడని అడిగాడు. విన్నాక నెమరు ఆగిపోయింది.

“అమ్మా, ఆ కొలత నాదే,” అన్నాడు. “నా పొట్టకి నీళ్ళు తగలకపోతే పచ్చదీపం వెయ్యమన్నాను. నేను నిలబడ్డాను కదా, అందరూ నిలబడగలరనుకున్నాను. నీ బిడ్డ కాళ్ళు నాకు గుర్తురాలేదు.”

నాంచారి ఎద్దుని తిట్టలేదు. తప్పెవడికైనా వస్తుంది. ఒప్పుకున్నవాణ్ణి తిడితే ఇంకెవడు ఒప్పుకుంటాడు? ఇద్దరూ కలిసి పానకాలు గుహకి పోయారు.

పానకాలు తోక దువ్వించుకుంటున్నాడు. గొర్రెల మంద వచ్చే రోజే అడవి పెద్ద, ఏనుగు పెద్దమ్మ, అతనికి శాలువా కప్పబోతోంది. ఏడాది పొడుగునా ఒక్క ఫిర్యాదైనా రాని సైటు నడిపినందుకట! విన్నారా? తలుపు గోడకట్టి మూసేసి, మా ఇంటికి దొంగే రాలేదని సన్మానం చేయించుకునే రకం.

కోటయ్య సంగతి చెప్పి, తప్పు చెప్పే పెట్టెని మొదటి పేజీలో, అందరికీ కనబడేలా పెట్టమని అడిగాడు. పానకాలు తియ్యగా నవ్వాడు.

“బావా, ఇంటి ముందు ముగ్గు పెడతారా, పెంటకుప్ప పెడతారా? వచ్చిన కొత్తవాళ్ళు చూసి ఏమనుకుంటారు?”

“ముగ్గు బాగానే ఉంది మామా,” అంది నాంచారి. “ఇంటికి తలుపు లేదు. నా బిడ్డ కాలు విరిగిందని ఎక్కడ నిలబడి చెప్పను?”

“ఉంది కదమ్మా పెట్టె. నీకు వెతకడం రాకపోతే నేనేం చేసేది? ఇన్నాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. నీ ఒక్కదానికే కనబడిందా తప్పు?”

ఎల్లుండి గొర్రెపిల్లలు దిగుతాయి, కనీసం దీపమైనా ఆర్పెయ్యమంది నాంచారి. సన్మానం రోజున దీపం ఆరిపోతే అపశకునం అన్నాడు పానకాలు, దువ్వెనని ఇంకోసారి తోక మీద ఆడించమన్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. అబ్బ, ఆ మాటకి నాకైతే ఆ దువ్వెన లాక్కుని నాలుగు తగిలించాలనిపించింది. ఓపికమంతుడు కోటయ్యకే కొమ్ములు దురద పెట్టాయి. నాంచారే అడ్డుపడింది. పొడిస్తే నక్క చస్తాడు గానీ దీపం ఎర్రగా మారదు కదా బావా అంది.

తిరిగొస్తూ దారిలో కుందేలు సూరమ్మని కలిసి జరిగింది చెప్పుకుంది.  సూరమ్మ నెమ్మదిగా చెప్పింది, పోయిన వానల్లో తన చెల్లెలు పచ్చదీపం చూసుకునే దిగిందని, మళ్ళీ కనబడలేదని. ఆ మాట సైటులో చెప్పాలని తనూ వెతికిందట, సిఫారసు దగ్గర ఆగిపోయిందట. నాంచారికి అప్పుడు అర్థమైంది, ఫిర్యాదులు లేకపోవడం కాదు, అడవి నిండా ఉన్నాయి, గొంతులోనే ఆగిపోయాయి.

“అక్కా, ఆ సైటులో తలుపు లేకుండా, తాళం లేకుండా, అడుగు పెట్టగానే కనబడే పెట్టె ఏది?” అనడిగింది నాంచారి.

“పొగడ్తల పెట్టె,” అంది సూరమ్మ.

“మరి పద, పొగుడుదాం.”

ఆ సాయంత్రం అడవంతా కబురు పాకింది. పొట్టికాళ్ళ వాళ్ళందరూ ఫోన్లు తీశారు. పానకాలు ఫోను టింగుటింగుమంటూనే ఉంది, మంచి మాటలు వచ్చాయి, ఇంకా వచ్చాయి అంటూ. అతను ఒక్కటీ తెరిచి చదవలేదు. పొగిడించుకునేవాడికి ఎందరు పొగిడారన్నదే లెక్క. మోగిన ప్రతిసారీ మురిసిపోయి మీసం దువ్వుకున్నాడు.

సన్మానం రోజు వచ్చింది. ఎగువన వాన పడి వాగు ఎర్రగా పొంగుతోంది, కోటయ్య పొట్టకి మాత్రం ఇంకా అందలేదు. దీపం పచ్చగా వెలుగుతోంది. గొర్రెల మంద వచ్చి ఒడ్డున నిలబడింది. పిల్లలు ఆగలేక నీళ్ళ అంచుకి పోతుంటే తల్లులు కాళ్ళతో వెనక్కి లాగుతున్నాయి. శాలువా కప్పే ముందు మొదటి పేజీలోని పొగడ్తలు చదివి వినిపించడం ఆ అడవిలో ఆనవాయితీ. ఏనుగు పెద్దమ్మ తొండంతో ఫోను పట్టుకుని, అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టింది.

“పానకాలు గారి సైటు ఎంతో అందమైనది. పచ్చదీపం చూసుకుని దిగిన నా బిడ్డ మునిగిపోయాడు. కాలు విరిగి పడున్నాడు. మేక నాంచారి.”

పెద్దమ్మ ఆగింది. తర్వాతది చదివింది. “పానకాలు గారు చల్లగా ఉండాలి. పోయిన వానల్లో పచ్చదీపం నమ్మి నా చెల్లెలు కొట్టుకుపోయింది. ఈ మాట చెప్పుకోవడానికి చోటు దొరక్క ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఈ రోజు బంగారు అక్షరాల్లో చెప్పుకునే భాగ్యం కలిగించారు. కుందేలు సూరమ్మ.”

తర్వాత ముంగిసది. తర్వాత ముళ్ళపందిది. ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి, ఫొటోలో పానకాలు చేతులు జోడించి నవ్వుతూనే ఉన్నాడు. ఒడ్డున ఉన్న పానకాలుకి మాత్రం నవ్వు రాలేదు. ఇదంతా గిట్టనివాళ్ళ పని అన్నాడు. ఇవి నిజంగా ఫిర్యాదులైతే ఫిర్యాదుల పెట్టెలో ఉండాలి, అది ఖాళీగా ఉంది, కాబట్టి తప్పు లేదు, కావాలంటే దీపం చూసుకోండి, పచ్చగా ఉంది అన్నాడు.

“అవును, పచ్చగానే ఉంది,” అంది పెద్దమ్మ. “అయితే ముందు నువ్వు దాటు నాయనా. శాలువా అవతలి ఒడ్డున కప్పుతాను. నీ వెనకాలే గొర్రెపిల్లలు వస్తాయి.”

పానకాలు నీళ్ళ దాకా పోయాడు. ఒక కాలు పెట్టాడు, తీశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దాటితే ప్రాణం పోతుంది, దాటకపోతే పరువు పోతుంది. తోక తడిస్తే జలుబు చేస్తుందన్నాడు. ముహూర్తం చూసుకోవాలన్నాడు.

నాంచారి ముందుకి వచ్చింది. వెనక గుండుగాడు కుంటుకుంటూ వచ్చి తల్లి డొక్కకి ఆనుకున్నాడు.

“నా బిడ్డకి పచ్చ, నీకు ఎరుపా మామా?” అంది.

పానకాలు తడిసిన కాలు విదిలించుకుని వెనక్కి జరిగాడు. గొర్రెల మందలో పెద్దది పిల్లల్ని వెనక్కి తోలుకుని ఒడ్డు మీద చతికిలబడింది. ఇక ఆ రోజు వాగులో ఎవరూ దిగలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి దీపం ఉన్నట్టుండి ఎర్రగా మారింది. కొండ మీద వెంకాయమ్మ పొద్దున్నే సైటు తెరిచి ఆ బంగారు అక్షరాలు చదివిందట. చదివి, తిండి మానేసి కూర్చుని ప్రోగ్రాం సరిచేసింది. ఇప్పుడది దాటేది ఎవరు, కాళ్ళెంత పొడవు అని అడిగాకే దీపం వేస్తుంది. అడుగున ఒక మాట రాసింది. ‘ఒక్క తప్పూ రావడం లేదని, బాగానే రాశానని ఇన్నాళ్ళూ పొంగిపోయాను. సూరమ్మా, నీ చెల్లెలి సంగతి పోయిన వానల్లోనే నాకు తెలిసుంటే ఆ రోజే సరిచేసేదాన్ని. నా కళ్ళకి గంతలు కట్టినవాణ్ణి నేను క్షమించను.’ సూరమ్మ ఆ మాట చదువుకుని, చెవులు వాల్చుకుని పొదలోకి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ శాలువా మడిచి లోపల పెట్టేసింది. పానకాలు ఫొటోని తీసేసి, అదే చోట తప్పు చెప్పే పెట్టె పెట్టించింది. సభ్యత్వం లేదు, సిఫారసు లేదు, నంబరు లేదు. ‘తప్పు కనబడిందా? ఇక్కడ చెప్పండి’ అని అంతే, చూపు మందగించిన ముసలి తాబేలు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో.

మర్నాడు అందులో ఒక ఫిర్యాదు పడింది. ‘ఈ పెట్టె మరీ పెద్దదిగా ఉంది, అందరికీ కనబడుతోంది, తప్పులు ఎక్కువైపోతున్నాయి, దయచేసి అడుగుకి దించగలరు.’ కింద సంతకం, నక్క పానకాలు. వెంకాయమ్మ జవాబిచ్చింది, చూశామండీ, ఇది తప్పు కాదు అని. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఫిర్యాదు రాయడానికి పానకాలు ఎక్కడా వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

నీతి: తప్పు చెప్పే దారి మూసేస్తే తప్పులు పోవు, నమ్మినవాళ్ళ ప్రాణాలు పోతాయి.